బిడ్డ మాట వినని భక్తి

వీరశైవ సంప్రదాయమున బిడ్డ పుట్టిన కొలది దినములకే లింగధారణము జరుగును. నడక రాని, మాట రాని, తన పేరేదో తనకు తెలియని పసికందునకు గురువు ఇష్టలింగమును అనుగ్రహించును. ఇతర సంప్రదాయములు పెక్కింటిలో పిల్లవాడు కొంత వయస్సు వచ్చిన పిదపనే సంస్కారమునకు అర్హుడగును; ఆడుబిడ్డకు ఆ అర్హతయు అనేక చోట్ల లేకపోయెను. శరణ ధర్మము వయస్సును లెక్కింపలేదు, ఆడ మగ భేదమును లెక్కింపలేదు. తొట్టెలోని బిడ్డయు, పీఠము మీది గురువును ధరించు లింగమొక్కటియే.

ఇది వీరశైవ కుటుంబములకు తెలియని విషయము కాదు. కాని దీని నుండి పుట్టు ప్రశ్నను అడుగువారు తక్కువ. లింగము ధరించిన దేహమే దేవాలయమని శరణుల బోధ. అట్లయిన, ఉదయమున జంగమునకు పాదపూజ చేసి, ఆ తడి చేతులు ఆరకముందే ఇంటిలోని బిడ్డ వీపు మీద చేయి చేసికొను గృహస్థుడు ఏ దేవాలయమును కొట్టినట్లు? తల్లి లేని బిడ్డకు అన్నము పెట్టి, ఒక మంచి మాట మాత్రము పెట్టని ఇల్లు దాసోహము చేసినట్లా, చేయనట్లా? దెబ్బలు తిన్న బిడ్డను చూచి 'వాని ఖర్మ' అని తలుపు వేసికొనిన పొరుగువానికి ఆ పాపములో పాలు కలదా, లేదా?

ఈ ప్రశ్నలకు సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణములో గొడగూచి కథ కలదు. తెలుగునాట తరతరములుగా పిల్లలు వినిన కథయే అది. ఒక భక్తుడు ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు చేయు నియమము గలవాడు. అతడు పని మీద పొరుగూరికి పోవుచు ఆ నియమమును చిన్న కుమార్తెకు అప్పగించెను. ఆ పిల్ల పాలు కాచి గుడికి కొనిపోయి దేవుని ముందర పెట్టెను. తండ్రి పెట్టినపుడు దేవుడు నిజముగనే త్రాగుచున్నాడని ఆమె నమ్మకము. పాలు తరుగలేదు. ఆమె బతిమాలెను, ఆశపెట్టెను, ఏడ్చెను. ఆ ఏడుపులో భక్తి మాత్రమే కాదు, భయమును కలదు. శివుడు త్రాగనిచో తండ్రి తిరిగివచ్చి కొట్టునని ఆ పసిదాని భయము. కడకు ప్రాణము విడువ సిద్ధపడగా శివుడు ప్రత్యక్షమై పాలు త్రాగెను. నాటి నుండి దినదినము త్రాగుచుండెను. తండ్రి తిరిగి వచ్చి పాలేమైనవని అడిగెను. శివుడు త్రాగెనని బిడ్డ ఉన్నది ఉన్నట్లు చెప్పెను. తండ్రి నమ్మలేదు. తన ఎదుట త్రాగించి చూపుమనెను. అప్పుడు పాలు తరుగలేదు. తండ్రి కోపించి కొట్టబోగా బిడ్డ లింగమును ఆశ్రయించెను. లింగము ఆమెను తనలో కలుపుకొనెను.

దీనిని ముగ్ధభక్తికి ఉదాహరణముగా పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. కాని ఆ కథలో మరియొక సత్యము కూడ కలదు. ఆ తండ్రి నియమములో ఏ లోపము లేదు. ఏండ్ల తరబడి పాలు పోసినవాడు. అయినను తన పాలను స్వీకరించు దేవుని అతడెరుగునే గాని, తన ఇంట సత్యము పలుకు బిడ్డను ఎరుగడు. తండ్రి కర్రకును, బిడ్డ కన్నీటికిని నడుమ దేవుడు ఎటువైపు నిలిచెనో సోమనాథుడు సందేహమునకు తావు లేకుండ చెప్పెను. ఇక మూడవది మరింత బాధాకరము. బిడ్డ మాట నిజమేమో, ఒకమారు నెమ్మదిగా అడిగి చూడుమని ఆ తండ్రితో చెప్పిన మనిషి ఆ కథలో కానరాడు. నమ్మిన అవ్వ లేదు, అడ్డము వచ్చిన పొరుగువాడు లేడు. మనిషి తెరువని తలుపును రాయి తెరువవలసి వచ్చెను. బిడ్డ రక్షింపబడెను; కాని ఈ లోకమునకు దక్కలేదు.

ప్రతి గొడగూచి కొరకు లింగము పగులదు. కావున ఆ కథలో లేని ఆ ఒక్క మనిషి ఎవరన్నదే నేటి ప్రశ్న.

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోవు త్రోవలో ఏ పల్లెలోనైనను ఉండదగిన ఒక పిల్లవానిని ఊహించుకొనవచ్చును. ఇది కల్పిత దృష్టాంతము; కాని ఇందలి ఏ అంశమును ఆ ప్రాంతము వారికి క్రొత్త కాదు. తండ్రి గల్ఫు దేశమునకు పోయెను. మొదట కొంతకాలము డబ్బు పంపెను. పిదప జాబు లేదు, ఫోను లేదు. తల్లి బీడీలు చుట్టి బిడ్డను సాకెను. దగ్గుతో తీసికొని తీసికొని ఒక వానకాలమున కన్ను మూసెను. తొమ్మిదేండ్ల పిల్లవాడు చిన్నాయన ఇల్లు చేరెను.

చిన్నాయన పుట్టుకతో క్రూరుడు కాడు. బోర్లు ఎండి, చెరకు ఎండి, అప్పులపాలైనవాడు. అప్పు కోపముగా మారెను. కోపమునకు ఎదురాడలేని వీపు ఒకటి ఇంటిలో దొరకెను. చిన్నమ్మ కొట్టదు, కాని పేరు పెట్టి పిలువదు. కూడు పెట్టును, ముఖము చూడదు. పిల్లవాడు బడిలో వెనుక వరుసన కూర్చుండును. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద వ్రాయుటకు చేయి ఎత్తినను తల దాచుకొనును. ఒకనాడు కారణము లేకయే తోటి పిల్లవాని పలక పగులగొట్టెను. 'తల్లిని మ్రింగినవాడు, వీడు బాగుపడునా' అని ఊరివారిలో కొందరనిరి.

ఆ ఇంటి ప్రక్క ఇల్లు ఒక ముసలి అవ్వది. ఒంటరిది, ఆస్తి లేనిది. రెండు పూటల లింగపూజ చేసికొనునది. ఆమె ఒకనాడు పిల్లవానిని పిలిచి పూజకు పత్రి కోసి తెమ్మని అడిగెను. తెచ్చినపుడు "రొట్టె తిన్నవా బిడ్డా?" అని అడిగెను. మరునాడును అదియే మాట. వీపు మీది వాతలను ఆమె చూచెను, చూచినట్లు తెలియనీయలేదు. పిల్లవాడు అవ్వ మాటను నమ్ముటకు మూడు నెలలు పట్టెను. నడుమ ఒకమారు ఆమె పెట్టె నుండి చిల్లర తీసెను. అవ్వ లెక్క చూచుకొనెను. పెట్టెను మాత్రము తీసి దాచలేదు, మరునాడు పత్రికి పిలుచుట మానలేదు. చిల్లర పోయినదని తెలిసియు తనను పిలిచినదని గ్రహించిన నాడు ఆ పిల్లవాడు మొదటిమారు నోరు విప్పెను.

"చిన్నాయన కొడ్తుండు అవ్వా."

"నీ తప్పు లేదు బిడ్డా. నేను నమ్ముతున్న."

గొడగూచి వినగోరి వినలేకపోయిన మాట ఇదియే.

అవ్వ అంతటితో ఊరకుండలేదు. బడి పంతులుగారి ఇంటికి పోయి చెప్పెను. ఆయన మందలింపులకు దిగక, పిల్లవానికి ప్రతిదినము బడిగంట కొట్టు పని అప్పగించి ముందు వరుసన కూర్చుండబెట్టెను. ఊరి జంగమయ్య చిన్నాయనను ఒంటరిగా కూర్చుండబెట్టి, అన్న బిడ్డ మెడలోని లింగమును, తన మెడలోని లింగమును గుర్తుచేసెను. ఇక మీద చేయి ఎత్తినచో అధికారులకు తెలియజేయక తప్పదనియు స్పష్టముగ చెప్పెను. అప్పు విషయములో నలుగురు పూనుకొని దారి చూపిరి. పిల్లవాని పీడకలలు ఒక్కమారుగ తొలగలేదు. కాని సంవత్సరము తిరిగిన పిదప ఉపాధ్యాయుడు సుద్దముక్క ఎత్తినపుడు వాడు తల దాచుకొనలేదు. వెనుక వరుసన క్రొత్తగా చేరిన ఒక మూగనోము పిల్లవాని ప్రక్కకు పోయి తానే కూర్చుండెను. వాడు బాగుపడినాడనుటకు అంతకు మించిన గుర్తు అక్కరలేదు.

ఇది కేవలము మెత్తని మనస్సు వారి ఊహ అనువారు ఉండవచ్చును. పసిఫిక్ మహాసముద్రమున హవాయి దీవులలో కవాయ్ అను దీవి కలదు. అచ్చట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అను మనస్తత్త్వ శాస్త్రవేత్త, రూత్ స్మిత్ అను సహపరిశోధకురాలితో కూడి దశాబ్దముల పాటు పరిశీలించెను. వారిలో సుమారు మూడవ వంతు పిల్లలు పేదరికము, గృహకలహము, తల్లిదండ్రుల త్రాగుడు, మనోవ్యాధి మొదలగు పెక్కు ఆపదల నడుమ పెరిగినవారు. ఆ ఆపదల నడుమ పెరిగిన వారిలోను సుమారు మూడింట ఒక వంతు సమర్థులై, ఆత్మవిశ్వాసము గలవారై, ఇతరుల యెడ దయ గలవారై ఎదిగిరి. వారి జీవితములలో కనబడిన ముఖ్యమైన అంశమొకటి కలదు: తమను విడువక పట్టుకొనిన కనీసము ఒక్క మనిషి. ఆ మనిషి ఎల్లప్పుడు తల్లియో తండ్రియో కాదు. అవ్వ, తాత, అక్క, పొరుగువారు, ఉపాధ్యాయుడు, ఎవరైనను కావచ్చును.

ఈ ఫలితమును సరిగా గ్రహింపవలెను. మూడింట ఒక వంతు నిలిచెననగా, మిగిలిన రెండు వంతులు చిన్ననాటనే చిక్కులపాలైనవనియు అర్థము. వారిలోను అనేకులు పెద్దవారైన పిదప మంచి స్నేహము, మంచి సంసారము, చదువు, ధర్మసంఘము వంటి రెండవ అవకాశము దొరకగా కోలుకొనిరని ఆ పరిశీలన తెలిపెను. కావున 'దిట్టమైన పిల్లవాడు ఎట్లయినను బ్రదుకును' అనుటకు ఇది ఆధారము కాదు. బిడ్డ ధైర్యమును పొగడి పెద్దలు తమ బాధ్యతను దులుపుకొనరాదు. 'ఒకమారు చెడినవాడు చెడినట్లే' అనుటకును ఇందు తావు లేదు.

బసవపురాణములోనే బెజ్జమహాదేవి కథ ఈ సత్యమును మరియొక వైపు నుండి చూపును. శివునకు తండ్రి లేడు, తల్లి లేదు, ఆయన స్వయంభువు అని జ్ఞానులు స్తుతింతురు. బెజ్జమహాదేవి ఆ మాట విని స్తుతింపలేదు, దుఃఖించెను. తల్లి ఉండినచో ఆ బిడ్డను ఇట్టి అవస్థలకు, ఆ విషమునకు, ఆ శ్మశానవాసమునకు విడిచిపెట్టి ఉండునా అని ఆమె బాధ. అంతట తానే తల్లియై శివుని బిడ్డగా సాకెను. శాస్త్రము మహిమ అని చెప్పిన దానిలో ఆ ఇల్లాలు లోటును చూచెను. అనాథయైన బిడ్డను చూచినపుడు 'ఇది వాని ప్రారబ్ధము' అని వేదాంతము చెప్పువారును, 'వీనికి తల్లి లేదే' అని కన్నీరు పెట్టువారును నేటికిని కలరు. సోమనాథుడు ఎవరి పక్షమో చెప్పనక్కరలేదు. మాతృత్వమునకు కనుట ఒక్కటియే ద్వారము కాదని ఆ కథ చాటుచున్నది.

అంతయేల? బసవేశ్వరుని బాల్యమే ఒక సాక్ష్యము. ఉపనయన విషయమున తండ్రి మాదిరాజునకును, బాలుడైన బసవనికిని వాదము జరిగెను. తండ్రి ఆచారమును చూచెనే గాని కుమారుని మనస్సును చూడలేదు. బసవడు ఇల్లు విడిచెను. అప్పుడు అతని ప్రక్క నిలిచినది అక్క నాగాంబ. కళ్యాణమున బిజ్జలుని కొలువులో భండారియై, అనుభవ మండపములో కులము లేదు, హెచ్చుతగ్గులు లేవు అని ఎల్లరను తనవారిగా చేర్చుకొనిన మహాపురుషుని వెనుక, చిన్ననాట ఆయన మాటను నమ్మిన ఒక అక్క ఉండెను. ఎవరు వచ్చినను వీడెవడని అడుగక మనవాడే అని చెప్పించుమని దేవుని వేడిన వానికి, తనవారే తన మాటను వినని బాధ తెలియకుండునా?

ఇచ్చట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. మొదటిది, దండన లేక పిల్లలు చెడుదురనునది. బిడ్డకు హద్దు కావలెను. హద్దు వేరు, దెబ్బ వేరు. హద్దు పిల్లవాని మేలు కొరకు. దెబ్బ చాల తరుచుగ పెద్దవాని కోపము కొరకు. 2007లో భారత ప్రభుత్వపు మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఒక నివేదికను ప్రకటించెను. నాటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి కూర్చిన నివేదిక అది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు పిల్లలు శారీరక హింసకు గురియైనట్లు అందు తేలెను. కుటుంబములో దెబ్బలు తిన్నవారిలో అత్యధికులను కొట్టినది తల్లిదండ్రులే. దెబ్బలు క్రమశిక్షణ నేర్పునట్లయిన, ఈ దేశము ఎప్పుడో క్రమశిక్షణకు పుట్టినిల్లు కావలసినది.

రెండవ ఆక్షేపణ సిరియాళుని కథను చూపునది. జంగమునకై బిడ్డనే అర్పించిన తండ్రిని పురాణము పొగడినది కదా, బిడ్డపై తల్లిదండ్రులకు సర్వాధికారము కలదని అర్థము కాదా అని. కాదు. ఆ కథ కడపట శివుడు ఆ బిడ్డ లేక భుజింపనని, బిడ్డను పేరు పెట్టి పిలువుమని కోరును. బిడ్డ పరుగెత్తుకొని వచ్చును. పరీక్ష తండ్రి మమకారమునకు; కాని కథ ఆగినది బిడ్డ బ్రదికిన చోట. బిడ్డ లేని పంక్తిలో శివుడు కూర్చుండడనునదియే గ్రహింపవలసిన సారము.

దాసోహమనగా అన్నము ఒక్కటియే కాదని తన జీవితముతో చూపిన మహనీయుడు తుమకూరు సిద్ధగంగా మఠాధిపతి శ్రీ శివకుమార స్వామివారు. 1907లో మాగడి తాలూకా వీరాపురమున పుట్టి, బాల్యముననే తల్లిని కోల్పోయి, నాగవల్లిలో చదువుకొని, 1930లో విరక్త దీక్ష గైకొనిరి. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల పాటు సాగించిరి. కులమతముల నడుగక వేలకొలది పిల్లలు ఆ మఠమున ఉండి చదువుకొనిరి. 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున ఆయన లింగైక్యులైరి. ఆ వార్తను పిల్లల భోజనము ముగిసిన పిదపనే ప్రకటింపవలెనని ఆయన ముందుగనే కోరియుండిరని మఠము వారు తెలిపిరి. తల్లి లేని బాల్యము గడిపినవాడు, తన మరణము చేతను ఏ బిడ్డయు ఒక ముద్ద తక్కువ తినరాదని తలచెను.

కాని పిల్లలను చేరదీయు ప్రతి మఠము, ప్రతి వసతిగృహము, ప్రతి బడి తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది ఒకటి కలదు. వంద మంది పంక్తిలో కూర్చున్నపుడు, వారిలో ప్రతి ఒక్కని పేరు, బాధ తెలిసిన ఒక్క మనిషియైనను ఆ చోట కలడా? ఎవరైనను, ఎంత గొప్పవారైనను, తనకు హాని చేసినపుడు ఆ బిడ్డ భయము లేక పోయి చెప్పుకొన దగిన తలుపు కలదా? పీఠము గౌరవము కొరకు బిడ్డ నోరు మూయించుట గొడగూచి తండ్రి చేసిన తప్పు కంటె పెద్ద తప్పు. అతడు తెలియక చేసెను. ఇది తెలిసి చేయునది.

చట్టము ఈ విషయమున స్పష్టముగ ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయుట విధి, దాచుట నేరము. 2015 నాటి బాలల న్యాయ చట్టము తన సంరక్షణలోని బిడ్డను హింసించిన, ఉపేక్షించిన వానికి శిక్ష విధించినది. నిరాదరణకు గురియైన పిల్లల రక్షణకై జిల్లాలలో బాలల సంక్షేమ సమితులను ఏర్పరచినది. 1098 అను సంఖ్యకు ఎవరైనను, బిడ్డయైనను, ఉచితముగ ఫోను చేయవచ్చును. ఇంటి గుట్టు రట్టగునను వెరపున ఈ మార్గములను విడువరాదు. బిడ్డ ప్రాణము కంటె ఇంటి గుట్టు పెద్దది కాదు.

అయినను చట్టము బిడ్డను దెబ్బ నుండి తప్పింపగలదు గాని, 'రొట్టె తిన్నవా బిడ్డా' అని అడుగలేదు. ఆ మాట మనిషి అడుగవలసినదే. అందునకు ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. దినము తప్పక అడుగుట కావలెను. చెప్పినపుడు నమ్ముట కావలెను. నమ్మిన పిదప ఊరకుండక కదలుట కావలెను. ఈ మూడింటిలో ఒకటి లోపించినను మిగిలిన రెండును నిష్ఫలములగును.

లింగంపేటలో నాగన్న బావి అను పురాతనమైన మెట్లబావి కలదు. నీరు ఎంత లోతున ఉన్నను, మెట్లు ఉన్నవి గనుక చిన్నపిల్లవాడు కూడ దిగి ఎక్కి రాగలడు. అదే లోతు, మెట్లు లేని బావిలో, ప్రాణాంతకము. దుఃఖము యొక్క లోతును తగ్గించుట అన్ని వేళల మనుష్యుల వశము కాదు. పోయిన తల్లిని ఎవరును తిరిగి తేలేరు. మెట్లు కట్టుట మాత్రము మనుష్యుల వశమే. ఒక అవ్వ ఒక మెట్టు, ఒక ఉపాధ్యాయుడు ఒక మెట్టు, ఒక జంగమయ్య ఒక మెట్టు.

బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగ నిలిపెను. ఆ మూలము మొదట తడియవలసినది ఇంటిలోనే, పసిబిడ్డ యెడనే. ఈ సంచికను చదివి మూసిన ప్రతి ఇంటివారు తమ వాడలో ఎవరూ పేరు పెట్టి పిలువని బిడ్డ ఒకడు కలడేమో చూతురు గాక. ఉన్నచో, రేపటి లింగపూజకు పత్రి తెమ్మని వానిని పిలుతురు గాక.

శరణు శరణార్థి.